లెవెల్ పోటీలో ఎక్స్‌ప్లాయిట్లకు మార్కులు ఎలా తగ్గించాలి

వీడియో గేమ్ లెవెల్‌లు (ఆటలోని దశలు) తయారుచేసే పోటీకి మీరు జడ్జి అయితే, ఎక్స్‌ప్లాయిట్లు, అంటే డిజైనర్ అనుకోని లొసుగులు, వెతికే ముందు లెవెల్‌ని డిజైనర్ అనుకున్న దారిలోనే చివరిదాకా ఆడి మార్కులు రాసేయండి. గోడల మూలలు, కదిలే ప్లాట్‌ఫారాలు, చెక్‌పాయింట్ రీస్పాన్‌లు (ఓడిపోయాక ఆట మళ్లీ మొదలయ్యే చోట్లు) ఆ తర్వాతే పరీక్షించండి. ముందే షార్ట్‌కట్ చూసేస్తే అసలు పజిల్ చులకనైపోతుంది.

దొరికిన ప్రతి లొసుగుకీ ఒకటే ప్రశ్న: మామూలు ఆటగాడు అనుకోకుండానే ఇందులో పడతాడా? తాళంచెవి లేకుండా ఒక్క గెంతుతో తలుపు దాటగలిగితే అది డిజైన్ లోపమే, మార్కులు తగ్గించాలి. అదే ఒక్క ఫ్రేమ్‌లో, అంటే 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేమ్‌లు, అంటే తెరమీద 60 చిత్రాలు) ఆటలో దాదాపు 16.7 మిల్లీసెకన్లలో, బటన్ నొక్కితేనే గోడలోంచి దూరగలిగితే దానికి డిజైనర్‌ని శిక్షించడం అన్యాయం. బయటికి రాలేని గుంతలో ఆటగాడు ఇరుక్కుపోతే మాత్రం గట్టిగానే కోత పెట్టండి.

ప్రతి కోతకీ వీడియో, గేమ్ వెర్షన్ నంబర్ జతచేయండి. కొత్త ప్యాచ్ (ఆటకి చేసే సవరణ) వచ్చాక ఆ లొసుగు ఉండకపోవచ్చు.