క్రీడా వివాదమా? కోర్టు కంటే ముందు న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇలా

ఒడిశాలోని పర్లాకిమిడి కోర్టు ఆవరణలో ఒక తల్లిని చూశాక ఇది రాయక తప్పలేదు. ఆమె కూతురు 16 ఏళ్ల కబడ్డీ క్రీడాకారిణి. వేరే చోట చేరతానన్నందుకు పాత శిక్షణ కేంద్రం వారు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. కేసు వేయాలంటే ఆదాయ ధ్రువపత్రం కావాలని చెప్పి, అది తెప్పిస్తానంటూ గేటు దగ్గర ఒకాయన రూ.2,000 తీసుకున్నాడు. ఆ పత్రం ఆమెకు అవసరమే లేదు.

1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. 18 నిండనివారికి వయసు రుజువు చాలు. ఆదాయం చూపాల్సినవారు కూడా అఫిడవిట్ ఇవ్వవచ్చు.

దరఖాస్తుకు రుసుము లేదు. గజపతి జిల్లావారు పర్లాకిమిడిలో, గంజాం వారు బరంపురంలో, కొరాపుట్ వారు జయపురంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి. ఒడియా రాయడం రాకపోతే నోటితో చెప్పండి, రాసుకుంటారు. ‘కేసు వేయకముందే రాజీకి పిలిపించండి’ అన్న మాట మాత్రం తప్పక రాయించండి. సందేహాలకు 15100కు ఫోను చేయవచ్చు.

చాలామంది తడబడేది చేరేటప్పుడు సంతకం చేసిన ఫారం దగ్గర. ఆ తల్లి ప్లాస్టిక్ కవరులోంచి తీసిన కాగితం నాలుగు మడతలు పడి ఉంది. సంతకానికి సరిగ్గా పైన, మడత నలిగిన చోట, వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతోనే, తేల్చుకోవాలని చిన్న అక్షరాల్లో ఉంది. అలాంటి షరతు ఉండగా కోర్టుకు వెళితే, ఎదుటివారు మొదటి జవాబులోపే దాన్ని చూపి, 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 8వ సెక్షన్ కింద కేసును ఆర్బిట్రేషన్‌కు పంపమని కోరవచ్చు. నెలలు వృథా అవుతాయి. భయపడకండి, ఆ షరతు రాజీకి అడ్డు కాదు. ఫారం ప్రతి పేజీ నకలు జత చేయండి. మీ దగ్గర లేకపోతే రిజిస్టర్డ్ పోస్టులో అడిగి, ఆ రశీదు పెట్టండి.

అన్ని తగాదాలూ ఇక్కడ తేలవు. డోపింగ్ (నిషేధిత మందుల వాడకం) ఆరోపణ జాతీయ డోపింగ్ నిరోధక క్రమశిక్షణ ప్యానెల్ ముందుకే వెళుతుంది. అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయంపై లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లాలంటే, నియమాల్లో వేరే గడువు లేకపోతే, నిర్ణయం అందిన నాటి నుంచి 21 రోజులే. ఈమెయిల్ వచ్చిన తేదీ భద్రపరచుకోండి. వచ్చే వారమే పోటీ ఉండి ఎంపికలో అన్యాయం జరిగిందనుకుంటే రాజీ కోసం ఆగకండి, కటక్ హైకోర్టులో రిట్ విషయమై న్యాయవాదిని అడగండి. క్రికెట్ బోర్డు ప్రభుత్వ సంస్థ కాకపోయినా దానిపై రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్‌తో హైకోర్టుకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది.

రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు వెలువడితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. ఒడిశా తెలుగువారమైన మనలో ఒడియా గలగలా మాట్లాడేవారే చాలామంది చదవలేరు. సంతకానికి ముందు ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పించుకోండి. ‘సర్టిఫికెట్లు ఇస్తాం’ అని ఉంటే ఒప్పుకోకండి. అసలువి ఎన్ని, ఏ తేదీన, ఎవరి చేతికి ఇస్తారో రాయించండి.