లాంగ్వేజ్ ల్యాబ్ నడిపేవాళ్ళకి పనికొచ్చే కంప్యూటర్ సంగతులు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చాలా కాలేజీల్లో లాంగ్వేజ్ ల్యాబ్ ఉంది గానీ, పిలకాయలు వచ్చి హెడ్‌సెట్ తగిలించుకుని ఏదో విని గంట అవగానే లేచి వెళ్ళిపోవడమే ఎక్కువ. వినడానికైతే చేతిలో ఫోన్ చాలు కదా. ల్యాబ్ కట్టుకుంది పిల్లోడు తన గొంతు తనే రికార్డు చేసుకుని, మోడల్ ఆడియో పక్కన పెట్టుకుని విని, మళ్ళీ చెప్పి చూసుకోడానికి. సిస్టమ్స్‌లో ఏం మార్చినా ఆ రికార్డింగ్ సరిగ్గా జరుగుతుందా లేదా అన్నదే ముందు చూడండి, మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు హెడ్‌సెట్ గురించి చెప్తా, ఎందుకంటే సగం తలనొప్పులు దాంతోనే. ఫోన్ టైపు సింగిల్ పిన్ హెడ్‌సెట్ తెచ్చి డెస్క్‌టాప్ ఆకుపచ్చ రంగు జాక్‌లో పెడితే సౌండ్ వినిపిస్తుంది, మైక్ మాత్రం పనిచేయదు, అందరూ సిస్టమ్ పాడైందనుకుంటారు. దానికి మైక్, స్పీకర్ విడదీసే స్ప్లిటర్ కొనాలి, లేదంటే రెండు పిన్నుల హెడ్‌సెట్ తీసుకోవాలి. కొత్తగా కొనేవాళ్ళయితే యూఎస్‌బీవి తీసుకోండి, కాస్త రేటు ఎక్కువైనా సౌండ్ కార్డు అందులోనే ఉంటుంది కాబట్టి పాత సీపీయూల్లో వచ్చే గుయ్యిమనే శబ్దం చాలావరకు తగ్గిపోతుంది. అప్పటికీ గుయ్యిమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. సముద్రం దగ్గరున్న ఊళ్ళల్లో ఉప్పుగాలికి జాక్‌లు, పిన్నులు తొందరగా చిలుము పడతాయి, సెలవుల్లో హెడ్‌సెట్లు అలా వేలాడదీసి వదిలేయకుండా కవర్లో పెట్టి బీరువాలో పెట్టుకోండి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ముంటుంది కాబట్టి అక్కడివాళ్ళు సీపీయూ ఫ్యాన్లు తరచూ బ్లోయర్‌తో ఊదించుకోవాలి, లేకపోతే ఎండాకాలంలో ఫ్యాన్ మోత అంతా రికార్డింగ్‌లోకే వస్తుంది.

విండోస్‌లో మూడు చోట్ల చూడండి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ ఆన్‌లో ఉందా, సౌండ్‌లో డిఫాల్ట్ మైక్ మీ హెడ్‌సెట్‌దేనా, ఆపైన పాత సౌండ్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, అందులో డూ నథింగ్ పెట్టండి. అది పెట్టకపోతే కాల్ లాంటిది ఏదైనా మొదలైందనుకుని విండోస్ మిగతా సౌండ్లన్నీ తనంతట తనే తగ్గించేస్తుంది, లెసన్ వినపడట్లేదని పిలకాయలు గోల.

రికార్డింగ్‌కి అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఫ్రీ, పాత సిస్టమ్స్ మీద కూడా బాగానే నడుస్తుంది. మోనో, అంటే ఒకే ఛానెల్, పెట్టండి, మాటకి స్టీరియో అక్కర్లేదు. 44100 హెర్ట్జ్, 16 బిట్ మోనో అయితే వేవ్ ఫైల్ నిమిషానికి దాదాపు 5 ఎంబీ, అదే 64 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే అర ఎంబీ కూడా ఉండదు. 40 మంది తలా 2 నిమిషాలు మాట్లాడితే వేవ్‌లో 400 ఎంబీ, ఎంపీ3లో 40 ఎంబీ లోపే. అడాసిటీలోని రికార్డింగ్ మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడేట్టు మైక్ లెవెల్ పెట్టుకోమనండి, ఎర్రగా అంటుకుంటే గొంతు పగిలినట్టొస్తుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు.

నాకు బాగా ఇష్టమైన పని ఒకటుంది. మన పిలకాయలకి ఇంగ్లీషులో ఈజీ (easy), బిజీ (busy) లాంటి మాటల్లోని z శబ్దం మన జ లాగే వచ్చేస్తుంది, చెవితో చెప్తే తేడా పట్టుకోలేరు. మోడల్ ఆడియోని, పిల్లోడి గొంతుని అడాసిటీలో ఒకదాని కింద ఒకటి పెట్టి జూమ్ చేసి చూపించండి. మోడల్‌లో రెండు అచ్చుల మధ్య శబ్దం ఆగకుండా సాగుతుంటుంది, మనవాడి జ దగ్గర నాలుక పైన అంటుకుంటుంది కాబట్టి గీత ఒక్క క్షణం సన్నబడి తర్వాత ఠక్కున లేస్తుంది. కంటికి కనపడ్డాక నాలుక తగలకుండా చెప్పడానికి వాడే ప్రయత్నిస్తాడు, మీరు పది సార్లు చెప్పనక్కర్లేదు. వేగంగా మాట్లాడే ఆడియో అర్థం కాకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఎడమ స్క్వేర్ బ్రాకెట్ కీ నొక్కితే నెమ్మదిస్తుంది, కుడిది నొక్కితే పెరుగుతుంది, ఈక్వల్ కీతో మామూలు స్పీడుకి వస్తుంది.

ఫైళ్ళ పేర్లు మొదటి రోజే తేల్చేయండి. సంవత్సరం, నెల, తేదీ, రోల్ నంబర్, పాఠం, ఈ వరసలోనే. సంవత్సరం ముందుంటే ఫోల్డర్ దానంతటదే తేదీల వారీగా సర్దుకుంటుంది.

రికార్డింగులన్నీ పాఠం చెప్పే మేడమ్ సిస్టమ్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌లోకి పంపించేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. మామూలు విండోస్ సిస్టమ్ ఒకేసారి 20 కనెక్షన్లే తీసుకుంటుంది. 30 సిస్టమ్స్ ఉన్న ల్యాబ్‌లో 21వ వాడి నుంచి ఎర్రర్ వస్తుంటే కేబుల్ లాగి లాగి చూడొద్దు, కారణం ఇదే. ఒక పాత సిస్టమ్‌లో విండోస్ బదులు లైనక్స్ వేసి, విండోస్ సిస్టమ్స్‌కి ఫోల్డర్ పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్‌తో షేర్ పెట్టండి, ఈ 20 గొడవ ఉండదు. అది కుదరకపోతే రెండు బ్యాచులుగా సేవ్ చేయించండి. వీడియో పాఠాలు కూడా ఒకేసారి 30 మంది నెట్‌లో చూడ్డం కన్నా ముందే ప్రతి సిస్టమ్‌లోకి కాపీ చేసుకుంటే నెట్ పోయినా క్లాసు ఆగదు.

పిలకాయలకి అడ్మిన్ అకౌంట్ ఇవ్వకండి, స్టాండర్డ్ యూజర్ చాలు. ఒక సిస్టమ్ బాగా సెట్ చేసుకుని క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి కాపీ, తీసి పెట్టుకుంటే అదే మోడల్ సిస్టమ్ ఏది పాడైనా మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే బాధ ఉండదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఎక్కని పాత మెషీన్లు పారేయకండి, లైనక్స్ మింట్ వేస్తే అడాసిటీ, వీఎల్‌సీ రెండూ అందులోనూ ఉన్నాయి. అక్టోబర్, నవంబర్ వానల్లో మన దగ్గర కరెంటు ఎట్లుంటుందో తెలిసిందే, అందరికీ యూపీఎస్ పెట్టలేకపోతే కనీసం మేడమ్ సిస్టమ్‌కి, నెట్‌వర్క్ స్విచ్‌కి పెట్టండి.

సెమిస్టర్ అయ్యాక పిల్లల రికార్డింగులు మార్కులు వేసేశాక తీసేయండి, వాళ్ళ గొంతు వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. కావాలన్నవాళ్ళకి వాళ్ళ మొదటి ఫైలు, చివరి ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి, వేసేముందు ఆ పెన్‌డ్రైవ్ స్కాన్ చేయండి.