మహమ్మారి కాలంలో మన జిల్లా కేసులను, ఆసుపత్రి పడకలను ఎలా గమనించాలి?

విజయవాడలో కరోనా మూడు వేవ్‌లనూ రోజువారీగా పుస్తకంలో రాసుకున్నవాణ్ణి నేను. 2020 మార్చిలో మొదలుపెట్టి 2022 వేసవి వరకు ఆ పని వదలలేదు. అన్నాళ్లూ నా చుట్టూ ఒకే తప్పు పదే పదే జరగడం చూశాను. సాయంత్రం టీవీలో కనిపించిన అంకె నిన్నటికంటే పెద్దదైతే తలుపులు బిగించుకోవడం, చిన్నదైతే పెళ్లికి బయలుదేరడం. ఆ అంకె అబద్ధం కాదు. అయితే మనం తెలుసుకోవలసిన దానికి అది జవాబు కాదు. మనకు కావలసినవి రెండే సంగతులు: వ్యాధి మన ప్రాంతంలో పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ఒకటి, ఈ రాత్రి మన ఇంట్లో ఒకరికి ఊపిరి అందకపోతే పడక దొరుకుతుందా అన్నది రెండోది. కరోనా నేర్పిన పద్ధతే అయినా, ఊపిరి ద్వారా వ్యాపించే ఏ మహమ్మారికైనా ఇది పనికివస్తుంది.

కావలసిన సామగ్రి

పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి, గ్రాఫ్ కాగితాలు, పెన్సిలు, రూళ్ల కర్ర, ఫోన్లో ఉండే కాలిక్యులేటరు చాలు. కంప్యూటరులో చేయవద్దు. చేత్తో రాసేవారికి ఒక అంకె ముందురోజుతో పొసగకపోతే కలం దానంతట అదే ఆగుతుంది. అతికించిన పట్టికలో ఆ పొరపాటు నెలరోజులైనా కనబడదు. పుస్తకంలో ఏడు గడులు గీయండి: తేదీ, కొత్త కేసులు, శాంపిళ్లు (అంటే చేసిన పరీక్షలు), మొత్తం ఆక్సిజన్ పడకలు, వాటిలో నిండినవి, ఐసీయూలో ఉన్నవారు, గమనిక. యాక్టివ్ కేసులకు, అంటే ఇంకా కోలుకోలేదని లెక్కించేవారికి, గడి పెట్టవద్దు. 2020 మే నెలలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, స్వల్ప లక్షణాలున్నవారికి లక్షణాలు మొదలై పది రోజులు గడిచి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే మళ్లీ పరీక్ష చేయకుండానే డిశ్చార్జి చేయవచ్చు. అందువల్ల ఆ లెక్కలో తగ్గుదల చాలావరకు పాత పేర్లు తీసివేయడం వల్ల వచ్చేదే. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నవారిని చాలామందిని చూశాను.

జిల్లాను ముందే తేల్చుకోండి

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మూడు వేవ్‌ల నాటి ప్రభుత్వ ఆరోగ్య బులెటిన్లలోనూ విజయవాడ కృష్ణా జిల్లాలో ఉంది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి కృష్ణా జిల్లాలో సుమారు 45 లక్షలమంది ఉండగా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా పరిధిలో ఉన్నవారు సుమారు 22 లక్షలే. గుంటూరు జిల్లా కూడా అదే తీరున 49 లక్షల నుంచి 21 లక్షలకు చిన్నదైంది. కాబట్టి 2021 నాటి అంకెను ఇప్పటి అంకె పక్కన పెట్టి "సగానికి తగ్గింది" అనడం తప్పు. పోల్చవలసి వస్తే లక్ష జనాభాకు ఎన్ని కేసులో లెక్కకట్టి పోల్చాలి.

విజయవాడవారు నదికి అవతలి గుంటూరు జిల్లాను కూడా తప్పక రాసుకోవాలి. తాడేపల్లి, ఉండవల్లి, మంగళగిరివారు పనికీ వైద్యానికీ రోజూ వారధి దాటి వస్తారు, మనవారు అటు వెళ్తారు, వైరస్‌కు జిల్లా సరిహద్దు తెలియదు. రెండు జిల్లాలకు రెండు పేజీలు కేటాయించండి, కలపవద్దు.

రోజును వదిలి వారాన్ని పట్టుకోండి

ఈ పని సులువే. గత ఏడు రోజుల కొత్త కేసులను కూడి, అంతకుముందు ఏడు రోజుల మొత్తంతో భాగించండి. ఈ వారం 840, పోయిన వారం 600 అనుకుంటే 1.4 వస్తుంది. అదే వేగం కొనసాగితే రెండు వారాల్లో కేసులు దాదాపు రెట్టింపవుతాయి. ఒకటికంటే తక్కువ వస్తే తగ్గుతున్నట్టు. ఆదివారం పరీక్షలు తక్కువ జరుగుతాయి గనుక సోమవారం బులెటిన్ ఎప్పుడూ మంచి వార్తలాగే కనిపిస్తుంది. దాన్ని మంగళవారంతో పోల్చి "ఒక్కరోజులో విజృంభణ" అని రాసినవారిని నమ్మవద్దు. బులెటిన్‌లో 24 గంటలంటే ఉదయం నుంచి మరుసటి ఉదయం వరకు అన్న సంగతిని కూడా గుర్తుంచుకోండి.

శాంపిళ్లు లేని కేసుల సంఖ్య అర సమాచారమే. 5,000 శాంపిళ్లలో 500 పాజిటివ్ వస్తే పది శాతం. మరుసటి వారం 3,000 శాంపిళ్లలో 450 వస్తే పదిహేను శాతం. కేసులు 50 తగ్గాయి గానీ వ్యాధి తగ్గలేదు, పరీక్షలు తగ్గాయి. సరిపడా పరీక్షలు జరుగుతున్నచోట ఈ శాతం, అంటే పాజిటివిటీ, రెండు వారాలపాటు ఐదు శాతంలోపు ఉండటం వ్యాప్తి అదుపులో ఉందనడానికి ఒక గుర్తు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో సూచించింది. జిల్లా శాంపిళ్ల సంఖ్య దొరకని రోజున గడిని ఖాళీగా వదిలేయండి; జిల్లా కేసులను రాష్ట్ర శాంపిళ్లతో భాగించి వచ్చిన శాతానికి అర్థం లేదు. ల్యాబులో చేసే ఆర్టీపీసీఆర్ పరీక్షలు తగ్గి, నిమిషాల్లో తేలే రాపిడ్ యాంటిజెన్ పరీక్షలు పెరిగినా పాజిటివిటీ మారుతుంది, ఎందుకంటే యాంటిజెన్ పరీక్ష కొంతమంది రోగులను పట్టుకోలేదు. ఆ మార్పు జరిగిన తేదీని గమనిక గడిలో రాసుకోండి.

పడకల లెక్క: ఇక్కడే అందరూ పొరబడతారు

ఇంతవరకు చెప్పినది ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఇక్కడినుంచి నిదానంగా చదవండి, రెండుసార్లు చదివినా మంచిదే. కేసుల సంఖ్య పరీక్షలమీద ఆధారపడుతుంది, పరీక్షలు మనుషుల ఇష్టాయిష్టాలమీద ఆధారపడతాయి. 2021 మేలో ఇంట్లోనే చేసుకొనే కిట్లకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతి ఇచ్చింది. ఫలితాన్ని యాప్‌లో నమోదు చేయాలన్న నియమం ఉన్నా చాలామంది చేయలేదు. కానీ ఆక్సిజన్ తగ్గిన మనిషి ఇంట్లో దాక్కోలేడు. అందుకే నేను అన్నిటికంటే ఆక్సిజన్ పడకల గీతనే నమ్ముతాను. అయితే ఆ గీతను తప్పుగా గీస్తే, గీయకపోవడంకంటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

మొదటి జాగ్రత్త: ఖాళీ పడకలను కాదు, నిండిన పడకలను గ్రాఫ్‌లో వేయండి. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టే పడకల పట్టికలో, అంటే డాష్‌బోర్డులో, ఆసుపత్రులవారీగా మొత్తం, నిండినవి, ఖాళీ అని మూడు అంకెలు కనిపిస్తాయి, అందరి చూపూ మూడోదానిమీదే పడుతుంది. ఉదాహరణకు జిల్లాలో 400 ఆక్సిజన్ పడకలుండి 240 నిండితే 160 ఖాళీ. వారం తరువాత కొత్త ఆసుపత్రులను జాబితాలో చేర్చడంవల్ల మొత్తం 520 అయి, 350 నిండితే 170 ఖాళీ. ఖాళీలు పది పెరిగాయి, రోగులు మాత్రం 110 మంది పెరిగారు. ఖాళీలను చూసినవారు నిశ్చింతగా ఉంటారు, నిండినవాటిని చూసినవారు ముసలివారిని బయటకు పంపడం ఆపేస్తారు. మొత్తం పడకలకు విడిగా గడి పెట్టమన్నది ఇందుకే. ఆ అంకె మారిన ప్రతిసారీ దాని చుట్టూ సున్నా చుట్టండి.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యమైనది. ఐసీయూ గీత పెరుగుతూ వచ్చి ఒకచోట సమతలమైతే వ్యాధి నిలిచిందని అనుకోకూడదు. అది పడకలు అయిపోయిన గుర్తు కావచ్చు. నిండిన గదిలోకి ఇంకొకరు పట్టరు కాబట్టి అంకె పెరగదు. మిగిలినవారు క్యాజువాలిటీ వరండాలోనో అంబులెన్సులోనో ఉంటారు, ఆ లెక్క ఏ పట్టికలోనూ ఉండదు. 2021 ఏప్రిల్ చివర్లో నా పుస్తకంలో ఐసీయూ గడి ఐదు రోజులపాటు దాదాపు కదలలేదు. నేను దాన్ని స్థిరపడటంగా చదివి మా వీధిలో ఇద్దరు ముగ్గురికి అలాగే చెప్పాను. మరో వారానికి మా వెనుక ఇంటి పెద్దాయన కోసం ఒక రాత్రంతా నాలుగు ఆసుపత్రులు తిరిగాము. డాష్‌బోర్డులో రెండు పడకలు ఖాళీ అని ఉన్న చోట కూడా ఒక్కటీ లేదు. ఆ తరువాత నేను ఒక నియమం పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి: ఆక్సిజన్ పడకల్లో నిండినవి మొత్తంలో 85 శాతం దాటితే పడకల గీతలను చదవడం ఆపేయండి. అక్కడినుంచి వాటి సమతలానికి అర్థం లేదు. ఆ స్థితిలో పాజిటివిటీని, 108 అంబులెన్సు ఎంతసేపటికి వస్తోందో, 104 హెల్ప్‌లైనుకు చేసిన ఫోనుకు పడక ఎంతసేపటికి చూపుతున్నారో చూడాలి.

మూడోది, పడకల్లో ఉన్నవారందరూ మన జిల్లావారు కారు. విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రులకు ఏలూరు, మచిలీపట్నం వైపునుంచీ ఖమ్మం వైపునుంచీ వస్తారు. గుంటూరు సర్వజనాసుపత్రికి, కొత్తపేట నర్సింగ్ హోములకు పల్నాడు అంతా వస్తుంది. మంగళగిరి ఎయిమ్స్‌కు రెండు ఒడ్డులవారూ వెళ్తారు. అందుచేత మన జిల్లా కేసులు తగ్గుతున్నా మన ఆసుపత్రులు నిండుతూ ఉండవచ్చు. ఇది లెక్కలో తప్పు కాదు. పడక దొరుకుతుందా అన్న ప్రశ్నకు రోగి ఏ ఊరివాడన్నదానితో పని లేదు. వ్యాధి మన వీధిలో పెరుగుతోందా అన్న ప్రశ్నకు మాత్రం కేసుల గీతనే చూడాలి. ఈ రెండు ప్రశ్నలను కలిపేసుకోవడంవల్లే సగం వాదనలు పుడతాయి.

చివరిది కాలవ్యవధి. ఎగువన పులిచింతల ప్రాజెక్టునుంచి వదిలిన నీరు ప్రకాశం బ్యారేజీకి చేరడానికి గంటలు పట్టినట్టే, నేటి కేసులు పడకల్లోకి చేరడానికి రోజులు పడుతుంది. లక్షణాలు మొదలైన రెండు మూడు రోజులకు పరీక్ష చేయించుకుంటారు. ఆక్సిజన్ అవసరమయ్యేవారికి అది సాధారణంగా వారం, పది రోజులకు వస్తుంది. కాబట్టి పడకల గీత కేసుల గీతకు దాదాపు ఒక వారం వెనుక నడుస్తుంది, మరణాలు రెండు మూడు వారాలు వెనుక. పైగా ఆక్సిజన్ మీద చేరినవారు చాలా రోజులు అక్కడే ఉంటారు గనుక, ఎగువన ప్రవాహం తగ్గినా దిగువన మట్టం వెంటనే దిగదు. రెండో వేవ్‌లో రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు 2021 మే మధ్యలో 24 వేలు దాటి ఆ తరువాత తగ్గాయి, ఆసుపత్రులకు ఊపిరి తీసుకొనే వీలు మాత్రం జూన్‌లోగానీ రాలేదు. మరణాల అంకెతో వ్యాధి దిశను ఎప్పుడూ నిర్ణయించవద్దు. అది పాత సంగతి, పైగా ఆలస్యంగా నమోదయ్యేది.

గ్రాఫ్ గీయడం

వారానికి ఒక్కసారి, మంగళవారం సాయంత్రం గీయండి. కేసుల ఏడు రోజుల సగటు పైన, నిండిన ఆక్సిజన్ పడకల సగటు కింద, రెండింటికీ తేదీలు ఒకే వరుసలో రావాలి. రోజూ గీయవద్దు, రోజూ గీసేవారు రోజూ కంగారు పడతారు. మీ వార్డులో ఏఎన్ఎంలు (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు) ఇంటింటి ఫీవర్ సర్వేకు వచ్చినప్పుడు వారం వారం జ్వరాలు పెరుగుతున్నాయా అని అడిగి, వారు చెప్పింది గమనిక గడిలో రాయండి. బులెటిన్‌కంటే నాలుగైదు రోజుల ముందు నాకు వ్యాప్తి తెలిసింది చాలాసార్లు వారి మాటవల్లే. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లిచ్చి, నిజం చెప్పి పంపండి. జ్వరాన్ని దాచితే ఆ లెక్కే పాడవుతుంది.

అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టేటప్పుడు అంకెతోపాటు ఏ తేదీది, ఏ జిల్లాది, ఏ బులెటిన్‌ది అన్న మూడూ రాయండి. ఆ మూడూ లేని ఫార్వర్డును ముందుకు పంపవద్దు. రెండు గీతలూ వరుసగా రెండు మంగళవారాలు పైకి వెళితే ఇంట్లో పెద్దవారి మందులు నెలకు సరిపడా తెచ్చుకోవడం, పల్స్ ఆక్సీమీటరులో బ్యాటరీ చూసుకోవడం, ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారో ముందే అనుకోవడం ఆ రోజే చేయండి. కేసులు తగ్గాక కూడా పడకల గీత నాలుగు వారాలపాటు కిందనే నిలిచేవరకు రాయడం ఆపవద్దు. ఆపిన రోజున తేదీ వేసి, మిగిలిన గ్రాఫ్ కాగితాలను ఆ పుస్తకంలోనే పెట్టి బీరువాలో దాచండి.