ఊళ్లో బీపీ క్యాంపు పెడుతున్నారా? ముందు కుర్చీలు చూసుకోండి

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె దవాఖానలో ఏఎన్‌ఎంని. యువజన సంఘాల పిల్లలు, మహిళా సంఘాల వాళ్లు బీపీ మిషన్ కొని "క్యాంపు ఎట్ల పెట్టాలె సిస్టర్?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

మిషన్ మణికట్టుకు పెట్టేది కాకుండా జబ్బకు చుట్టేది కొనండి. లావు చేతులకు పెద్ద కఫ్ (జబ్బకు చుట్టే పట్టీ) కూడా తీసుకోండి, చిన్నది బిగిస్తే బీపీ లేనివాళ్లకూ ఎక్కువ చూపిస్తుంది. కానీ మిషన్ కంటే ముఖ్యం కుర్చీలు. వీపు ఆనించుకోవాలి, పాదాలు నేలకు తగలాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ఉపాధి పని నుంచి ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే కఫ్ చుట్టొద్దు, ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. నాలుగు కుర్చీలు వరసగా వేస్తే ఒకరికి చూస్తుండగా మిగతావాళ్లు స్థిమితపడతారు. అరగంటలోపు చాయ్ తాగినా, బీడీ కాల్చినా ఇంకాసేపు ఆగమనండి. బాత్రూమ్ ఉన్న చోటే క్యాంపు పెట్టండి. ఆడవాళ్లు మొహమాటంతో మూత్రం ఆపుకుని కూర్చుంటారు, దానికీ బీపీ పెరుగుతుంది.

కఫ్ బట్ట మీద చుట్టకండి, మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిస్తే అదే జబ్బను నొక్కేస్తుంది. ఒక పక్క చీర అడ్డం కట్టండి, అమ్మలకు ఇబ్బంది ఉండదు. మిషన్ నడుస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. మా ఊళ్లలో అన్నిటికంటే కష్టం ఇదే!

నిమిషం ఆగి రెండోసారి చూసి సగటు రాయండి. పైది 140 గానీ కిందిది 90 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఇంకో రోజు దవాఖానకు రమ్మనండి. ఒక్క పూట చూసి "నీకు బీపీ ఉంది" అని చెప్పి టెన్షన్ పెట్టొద్దు, గోలీలు అసలే ఇవ్వొద్దు. 180 గానీ 110 గానీ దాటితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

30 ఏళ్లు దాటిన అందరికీ చూడాలి. బీడీలు చేసే ఆడవాళ్లు ఇంటి దగ్గరే దొరుకుతారు, మగవాళ్లే తప్పిపోతారు. వాళ్ల కోసం పొద్దున్నే పాల కేంద్రం దగ్గర కూర్చోండి. "తల తిరుగుతలేదు బిడ్డా, నాకెందుకు?" అనే పెద్దమనిషినే బతిమాలి కూర్చోబెట్టండి. చాలామందికి బీపీ పక్షవాతం వచ్చేదాకా ఏ బాధా చూపించదు.

2017లో దేశంలో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమంలో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మనిషికో కార్డు రాసి, మందులకు రానివాళ్లను వెతికి పట్టుకోవడం అందులోని పద్ధతి. మీరూ అదే చేయండి. పేరు, ఫోన్ నంబరు, రెండు రీడింగులు, మళ్లీ రావాల్సిన తేదీ రిజిస్టర్‌లో ఎక్కించి, అదే చీటీ మీద రాసి చేతికివ్వండి. ఇప్పటికే గోలీలు వేసుకునేవాళ్లకు రీడింగ్ బాగా వస్తే, అది గోలీల వల్లేనని, మానేయొద్దని అక్కడే చెప్పండి.

వారం తర్వాత రిజిస్టర్ తీయండి. దవాఖానకు రానివాళ్ల ఇళ్లకు ఆశా అక్కను వెంటబెట్టుకుని సాయంత్రం పూట వెళ్లండి, పొలం నుంచి వచ్చి ఉంటారు.