కాటా ఎక్కే ముందే మీ బరువు రాసుకోండి

ముందుగా ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాయండి. మీ బరువు ఎన్ని కిలోలని అనుకుంటున్నారు, ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత ఎంత, బక్క–సరిపడా–బొద్దు–లావు అనే మాటల్లో మీకు ఏది నప్పుతుంది. కాటా ఎక్కకముందే రాయాలి. అంకె చూశాక ఎవరికైనా ‘నేనూ అంతే అనుకున్నాను’ అనే అనిపిస్తుంది. ఇక్కడ మనకు కావలసింది బరువు ఒక్కటే కాదు, అనుకున్నదానికీ ఉన్నదానికీ మధ్య తేడా.

నడుము అంచనాకి పురికొస వాడితే ఇంకా బాగుంటుంది. మీ నడుము సరిగ్గా పడుతుందనుకున్నంత వలయంగా దాన్ని నేలమీద పరిచి, కొసలు కలిసినచోట ముడి వేయండి. టేపుతో కొలిచాక పక్కన పెట్టి చూడండి. కొస మిగిలితే మీ కన్ను మిమ్మల్ని పెంచి చూపిస్తోంది, చాలకపోతే తగ్గించి చూపిస్తోంది.

ఇక కొలతలు. ఎత్తుకి చెప్పులు తీసి, జుట్టు ముడి విప్పి, మడమలు గోడకి ఆనించి నిలబడండి. గట్టి అట్ట పుస్తకాన్ని గోడకి ఆనిస్తూ నెత్తిమీద అడ్డంగా పెట్టించి, దాని అడుగున పెన్సిలు గీత గీయించండి. పొద్దున కొలిస్తే సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు దాకా ఎక్కువ వస్తుంది, కంగారు పడొద్దు. మగవాళ్ళు ఎత్తు పెంచి చెప్పుకుంటారని, లావుగా ఉన్నవాళ్ళు బరువు తగ్గించి చెబుతారని చాలా దేశాల సర్వేల్లో తేలింది. ఎత్తు పొరపాటు చిన్నదే అనిపిస్తుంది కానీ లెక్కని మార్చేస్తుంది: 70 కిలోల మనిషి 170 సెం.మీ. అనుకుంటే బీఎంఐ (ఎత్తుకి బరువు తగ్గట్టుందో లేదో చెప్పే అంకె) 24.2, నిజానికి 166 అయితే 25.4.

బరువు పొద్దున లేచి, దొడ్డికి వెళ్ళొచ్చాక, టీ కూడా తాగకముందు చూడాలి. కాటా పట్టామీదో చాపమీదో కాక గచ్చు మీద, బాత్రూం వాటం లేనిచోట పెట్టండి. ఇంట్లో వాడే డిజిటల్ కాటాల్లో ఒక మాయ ఉంది. చాలావాటికి వెంటవెంటనే ఎక్కితే పాత అంకెనే గుర్తుపెట్టుకుని చూపే అలవాటు ఉంటుంది. అందుకే ఒకసారి ఎక్కి, తరువాత రెండు లీటర్ల నీళ్ళ సీసా పట్టుకుని ఎక్కి, మళ్ళీ ఖాళీ చేతులతో ఎక్కండి. మధ్యలో రెండు కిలోలు పెరిగి, చివరికి మొదటి అంకె దగ్గరకి వస్తేనే ఆ కాటాని నమ్మాలి. ఇలా వరసగా ఏడు రోజులు రాసి సగటు తీయండి.

ఒక్కరోజు అంకెని ఎందుకు నమ్మకూడదంటే, నీళ్ళు. విశాఖ ఉక్కపోతలో బీచ్ రోడ్డు మీద గంట నడిచొస్తే అర కిలో నుంచి కిలో దాకా చెమటగా పోతుంది. అది కొవ్వు కాదు, మజ్జిగ తాగితే వెనక్కి వచ్చేస్తుంది. పైగా గాలిలో తేమకి చెమట ఆరదు, తడిసిన బనియన్ బరువూ కలుస్తుంది. రాత్రి ఎండుచేపల కూరో ఆవకాయో గట్టిగా తింటే మర్నాడు కిలో ఎక్కువ చూపొచ్చు, ఉప్పు నీళ్ళని పట్టి ఉంచుతుంది కాబట్టి. నెలసరి ముందు కూడా అంతే.

నడుము దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. ‘నాది 32 ప్యాంటు’ అనే మగవాళ్ళలో చాలామంది ఆ ప్యాంటుని పొట్ట కింద కడతారు. పొట్ట ఎంత ముందుకొచ్చినా ప్యాంటు సైజు మారదు. లంగా బొందూ నైటీ కూడా ఇంతే, ఒంటితోపాటు వదులవుతాయి గానీ హెచ్చరించవు. ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక అంచుకీ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక టైలర్ టేపు చుట్టండి. పొట్ట లోపలికి పీల్చడం కుదరదు. పాత గుడ్డ టేపు సాగి ఉంటుంది, ముందు స్కేలుతో సరిచూడండి. మనకి మగవాళ్ళలో 90, ఆడవాళ్ళలో 80 సెం.మీ. దాటితే జాగ్రత్తపడాలి.

బీఎంఐ అంటే కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగించడమే. భారతీయులకి 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం. 165 సెం.మీ. మనిషికి 50.4 కిలోల కంటే తక్కువైతే బక్క, 62.6 దగ్గర అధిక బరువు, 68.1 దగ్గర స్థూలకాయం మొదలు. ఈ గీతలు పాశ్చాత్యులకంటే కిందుగా ఎందుకంటే, మనం సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకుంటాం. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ కొలతలే పక్కపక్కన పెట్టి చూపించారు: ఇద్దరి బీఎంఐ 22.3, కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అందుకే బరువు సరిగ్గా ఉందని నడుము కొలవడం మానొద్దు.

ఇప్పుడు కాగితం తీయండి. తేడా రెండు కిలోల్లోపు ఉంటే మీ కన్ను బాగానే ఉంది. నాలుగైదు కిలోలు తక్కువ అనుకుని ఉంటే కారణం సాధారణంగా చుట్టూ ఉన్నవాళ్ళే. ఇంట్లో అందరూ బొద్దుగా ఉంటే బొద్దే మామూలుగా కనిపిస్తుంది. నెమ్మదిగా పెరిగిన బరువు ఒంటికీ తెలియదు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో కొన్న ఐదు కిలోల కూరగాయల సంచితో మూడంతస్తులు ఎక్కితే చెయ్యి లాగుతుంది. అదే ఐదు కిలోలు రెండేళ్ళలో నడుముకి చేరితే అలవాటైపోతుంది. పెళ్ళిలో పెద్దమ్మ ‘ఏటే, ఇలా చిక్కిపోనావు’ అన్నా దాన్ని కొలతగా తీసుకోకండి.

ఎక్కువ అనుకుని ఉంటే ఫోన్ ఫొటోలని అనుమానించండి. చెయ్యి చాచి తీసిన సెల్ఫీలో దగ్గరున్నది పెద్దదవుతుంది, గ్రూపు ఫొటోలో అంచున నిలబడ్డవాళ్ళు సాగిపోతారు. మూడు మీటర్ల దూరంలో, బొడ్డు ఎత్తులో ఫోన్ పెట్టి తీయించుకున్నదే నమ్మదగ్గ ఫొటో. బీఎంఐ 18.5 కంటే తక్కువున్నా ‘లావు’ అనే రాసుకుని, తిండి మానడమో వాంతి చేసుకోవడమో జరుగుతుంటే ఇక కాటా ఎక్కడం ఆపి వైద్యుణ్ణి కలవాలి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఫోన్లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి ఈ గీతలు వర్తించవు, పిల్లల డాక్టరు దగ్గర వయసువారీ చార్టు చూడాలి. గర్భిణులకీ వర్తించవు.

మూడు నెలల తరువాత మళ్ళీ చేయండి, అంచనాతోనే మొదలుపెట్టి. పాత కాగితాన్ని మడిచి బీరువాలో చీరల కింద పెట్టండి. అద్దం పక్కన అతికిస్తే ఈసారి మీరు రాసేది అంచనా కాదు, జ్ఞాపకం.