నీలగిరి తోపులో అమ్మకానికి ఇల్లు: సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరు చుట్టూ హొసకోటె, దేవనహళ్లి, మాలూరు వైపు చెట్లున్న స్థలం అంటే చాలాసార్లు నీలగిరి తోపే. అలాంటి తోపు కొట్టించి, అమ్మడానికి ఇల్లు కట్టేవాళ్ల కోసమే ఇది. మనం ఉండే ఇంట్లో చిన్నాచితకా లోపాలుంటే సర్దుకుపోతాం. కొనేవాళ్లు సర్దుకోరు, వాళ్లకు లోన్ ఇచ్చే బ్యాంకు అసలే సర్దుకోదు.

సమస్య: ఇల్లు నచ్చి అడ్వాన్స్ కూడా ఇచ్చారు, లోన్ మాత్రం రాలేదు

కారణం: భూమి పహాణీలో (రెవెన్యూ రికార్డులో) ఇంకా సాగుభూమిగానే ఉంది. పునాదికి ముందే కర్ణాటక భూ రెవెన్యూ చట్టం, 1964 సెక్షన్ 95 కింద డీసీ కన్వర్షన్, అంటే సాగుభూమిని ఇంటికి వాడుకునేందుకు డిప్యూటీ కమిషనర్ అనుమతి, చేయించాలి. తర్వాత ప్లాన్ అనుమతి, ఇ-ఖాతా (స్థానిక సంస్థ ఇచ్చే ఆస్తి పత్రం). ఇల్లు లేచాక ఈ పని మొదలుపెడితే వడ్డీ మీద వడ్డీ, దానికి తోడు టెన్షన్. "తర్వాత చూసుకుందాం సార్" అనే బ్రోకర్ని నమ్మకండి.

సమస్య: హాల్లో ఫ్లోర్ కుంగింది

టైల్ మీద నాణెంతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) కింద వేలు దూరేంత సందు కనిపిస్తుంది. గోడలు మాత్రం బాగానే ఉంటాయి.

తోపు కొట్టి కట్టిన ఇంట్లో కారణం చాలాసార్లు నేలలో మిగిలిన చెట్ల మొద్దులే. నీలగిరిని నేలమట్టానికి కోసి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది. పైన ఇల్లు కప్పేస్తే లోపల కుళ్లి ఖాళీ ఏర్పడుతుంది. జేసీబీతో పెకలించినా, ఆ గుంతలోకి ఆకులు, వేళ్లు కలిసిన పైమట్టినే తోసేస్తే ఫలితం అంతే.

పరిష్కారం: కుంగినమేర టైల్స్, బెడ్ కాంక్రీట్ తీసి గట్టినేల తగిలేదాకా తవ్వండి. మొరం అర అడుగు మందాన పోస్తూ, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించండి. ఒకేసారి నింపి నీళ్లు పెట్టేస్తానంటే మేస్త్రీ మాట వినొద్దు. గోడల్లో ఏటవాలు పగుళ్లు కూడా ఉంటే అది ఫుటింగ్ (పునాది అడుగుభాగం) సంగతి. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా పుట్టీ పెట్టి రంగు వేయకండి.

సమస్య: ద్వారబంధం దగ్గర మట్టిగీతలు

చెదలు. మిగిలిపోయిన వేళ్లు, ఫిల్లింగ్‌లో పూడ్చేసిన సెంట్రింగ్ చెక్కముక్కలు వాటికి మేత. పునాది దశలోనే మట్టికి చెదమందు పట్టిస్తే సరిపోయేది. ఇప్పుడైతే గోడ, ఫ్లోర్ కలిసేచోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి మందు ఎక్కించి మూయాలి. పైపైన స్ప్రే కొడితే గీతలు పోతాయి, చెదలు పోవు.

సమస్య: మిద్దె అంచున తడి

ముందు వానగొట్టం మూతి చూడండి, ఆకులు అడ్డుపడి ఉంటాయి. శుభ్రం చేసి జాలీ పెట్టండి. వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు దాకా వెళ్లాలా అన్నది ఆ తర్వాత సంగతి.

సమస్య: చూడ్డానికి వచ్చినవాళ్లు "ఒక్క చెట్టూ లేదేంటండీ?" అని వెనక్కి పోతున్నారు

జేసీబీ అద్దె మిగులుతుందని అన్నీ ఒకేరోజు పడగొట్టించేస్తారు. నా లెక్కలో నీలగిరి పోయినా పర్లేదు, హద్దు వెంబడి ఉన్న వేప, కానుగ ఉంచితే ఇల్లు త్వరగా అమ్ముడుపోతుంది. ఇక కొట్టక తప్పని చెట్లకు, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. నీలగిరి, సరుగుడు లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. పొదల్లో గంధం చెట్టు కనిపిస్తే మాత్రం కూలీలను ఆపేసి ముందు అటవీశాఖకు చెప్పండి. మీ స్థలంలో మొలిచినా సరే, అనుమతి లేకుండా కొడితే కేసే.