వీల్ లాక్ నట్టు కీ విరిగితే చక్రం ఎలా విప్పాలి?

అల్లాయ్ చక్రాలున్న చాలా కార్లలో ప్రతి చక్రానికీ ఒక నట్టు మిగతావాటికి భిన్నంగా ఉంటుంది. దానికి ఆరు పలకల తల ఉండదు. గుండ్రంగా ఉండి, పువ్వు రేకుల్లాగానో వంకర గాడిలాగానో చెక్కి ఉంటుంది. ఆ చెక్కుడుకు సరిపోయే కీ తొడిగితేనే తిరుగుతుంది. దొంగల కోసం పెట్టిన ఈ ఏర్పాటు, కీ విరిగిన రోజున యజమానిని కూడా దొంగలాగే చూస్తుంది.

కీ విరగడానికి ముఖ్య కారణం ఎయిర్ గన్, అంటే గాలి వత్తిడితో నట్లు తిప్పే యంత్రం. కీ పళ్లు సన్నవి, చేత్తో తిప్పడానికి చేసినవి. టైరు షాపులో తొందర మీద గన్ తగిలించి బిగించినా, విప్పినా ఆ దెబ్బలకు పళ్లు ఊడతాయి.

చక్రంలో పంక్చరైతే ముందు ఒక సంగతి చూసుకోండి. ట్యూబ్‌లెస్ టైరుకు నేలను తాకే భాగంలో మేకు దిగితే, చక్రం విప్పకుండానే స్ట్రిప్పు (రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ) పెట్టించవచ్చు. ఆ ఊరటతో మిగతా పని తీరికగా చేసుకోవచ్చు.

తర్వాత కీ నిజంగా పనికిరాకుండా పోయిందో లేదో చూడండి. నట్టు గాడిలో మట్టి, బ్రేకు దుమ్ము పేరుకుంటే కీ పూర్తిగా దిగదు, పైపైన పట్టి జారిపోతుంది. విరిగిన ముక్క లోపల ఇరుక్కుని ఉంటే సన్న స్క్రూడ్రైవరుతో, అయస్కాంతంతో తీయండి. పాత టూత్ బ్రష్షుతో గాడి శుభ్రం చేసి, కీని చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి అడుగుదాకా దించండి. పళ్లు సగమైనా మిగిలి ఉంటే, ఒక చేత్తో కీని లోపలికి అదిమి పట్టి, రెండో చేత్తో పొడవాటి పానాను కుదుపు లేకుండా తిప్పితే చాలాసార్లు నట్టు వచ్చేస్తుంది.

రాకపోతే కోడ్ వెతకండి. కీ అంచు మీద, లేదా మాన్యువల్ సంచిలోని చిన్న కార్డు మీద అంకెలో అక్షరాలో ఉంటాయి. దాన్ని బట్టి డీలరు దగ్గర కొత్త కీ తెప్పించుకోవచ్చు. కోడ్ లేకపోయినా కొన్ని కంపెనీల సర్వీస్ సెంటర్లలో అన్ని రకాల కీలూ ఉన్న పెట్టె ఉంటుంది, ఫోను చేసి అడగండి. కారు నడిచే స్థితిలో ఉంటే ఆగి కీ తెప్పించుకోవడమే నా సలహా. మిగతా దారులన్నిటిలోనూ నట్టు పాడవుతుంది, అల్లాయ్‌కి గీతలు పడే అవకాశమూ ఉంటుంది.

ఆగలేని పరిస్థితి అయితే సుత్తీ, సాకెట్టూ (నట్టు తల మీద తొడిగి తిప్పే ఉక్కు గొట్టం) తీసుకోవాలి. కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఎత్తవద్దు, చక్రం నేల మీదే ఉండాలి. మామూలు నట్లన్నీ బిగించే ఉంచండి. వాటిని ముందే వదులు చేస్తే చక్రాన్ని పట్టి ఉంచే బరువంతా లాక్ నట్టు మీదే పడి, అది మరింత బిగుసుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట వదిలేయండి. నట్టు చుట్టూ అల్లాయ్ మీద మందపాటి టేపు రెండు మూడు పొరలు అంటించండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవడం మరవద్దు, గట్టిపరిచిన ఉక్కు మీద సుత్తి పడితే పెచ్చులు ఎగురుతాయి.

ఇప్పుడు లోపల పన్నెండు మూలలున్న, వెనక పానా తగిలించడానికి అర అంగుళం చదరపు రంధ్రం గల సాకెట్టు కావాలి. అది నట్టు తల కంటే అర మిల్లీమీటరు చిన్నదై ఉండాలి. తేలిగ్గా తొడుక్కునేది పనికిరాదు, కొడితేనే దిగాలి. మిల్లీమీటర్ల సాకెట్లలో సరైనది దొరకకపోతే అంగుళాల సెట్టు అరువు తెచ్చుకోండి. ఉదాహరణకు 13/16 అంగుళం సాకెట్టు సుమారు 20.6 మిల్లీమీటర్లు, అంటే 20కీ 21కీ మధ్య కూర్చుంటుంది. ఈ పనికి పోయిన సాకెట్టు మళ్లీ బాగుపడదు కాబట్టి పాతదే వాడండి.

సాకెట్టును తిన్నగా ఆనించి బరువైన సుత్తితో నేరుగా కొట్టండి. వంకరగా పడితే అది పక్కకు ఒరిగి పట్టు పోతుంది. దిగిన తర్వాత కూడా బాదుతూ ఉండవద్దు, ఆ దెబ్బలు వీల్ బేరింగుకు తగులుతాయి. పొడవాటి పానా తగిలించి అపసవ్య దిశలో ఒకే వత్తిడితో లాగండి. కిర్రుమని ఒక్కసారి కదిలితే ఇక చిక్కు లేదు. బయటికి వచ్చాక నట్టు సాకెట్టులో ఇరుక్కుని ఉంటుంది. వెనక చదరపు రంధ్రం గుండా బోల్టు పెట్టి కొడితే ఊడిపోతుంది.

కొన్ని నట్ల తల చుట్టూ వదులుగా తిరిగే ఉంగరం ఉంటుంది. సాకెట్టు దాన్ని పట్టుకుంటే ఉంగరం తిరుగుతుందే గాని నట్టు కదలదు. ముందు ఉలితో ఆ ఉంగరాన్ని చీల్చి తీసేయాలి. అల్లాయ్ రంధ్రం ఇరుకుగా ఉంటే ఇది ఓపిక పట్టే పని, నేర్పున్న మెకానిక్‌కే ఇవ్వండి. లోపల ఎడమ మరలున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు కూడా దొరుకుతాయి. తిప్పే కొద్దీ నట్టును కొరుకుతూ పట్టు బిగిస్తాయి. మామూలు సాకెట్టు జారిపోతున్న చోట ఇవి బాగా పనిచేస్తాయి.

ఇవేవీ కుదరకపోతే డ్రిల్లింగే మిగులుతుంది. లాక్ నట్టు ఉక్కు గట్టిది కాబట్టి కోబాల్ట్ బిట్లు కావాలి, నిదానంగా వెళ్లాలి. ఇది గ్యారేజీ పని. నట్టు మీద ఇంకో నట్టు వెల్డింగ్ చేసి తిప్పుదామని ఎవరైనా అంటే, టైరు చక్రానికి ఉండగా ఒప్పుకోవద్దు. వేడికి టైరు లోపల ఆవిర్లు పుట్టి పేలే ప్రమాదం ఉంది. గాలి తీసేసినా ఆ ప్రమాదం పూర్తిగా పోదు.

పాతది తీశాక ఆ చోట మామూలు నట్టే వేయించుకోండి. మరలు మాత్రం సరిపోవాలి. మారుతి కార్లకు సాధారణంగా మర వ్యాసం 12 మిల్లీమీటర్లు, పక్కపక్క మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, కియాలకు వ్యాసం అదే 12, కాని మరల దూరం 1.5. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో నట్లు ఉండవు, 14 మిల్లీమీటర్ల వ్యాసం గల బోల్టులు ఉంటాయి, మరల దూరం 1.5. చక్రాన్ని ఆనుకునే అడుగు భాగం శంకువులా ఉందా, గోళంలా ఉందా అన్నది కూడా పాతదానితో పోల్చి చూడండి. తప్పుడు ఆకారం పైకి బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది.

స్ప్రే తడి తుడిచి, మరలకు నూనె రాయకుండా, ఎదురెదురు వరసలో బిగించండి. ఎంత బిగువో మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న కార్లలో చాలావాటికి 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య. బిగువును కొలిచే పానా అయిన టార్క్ రెంచితో చేయించుకుని, యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగువు చూసుకోండి. మిగతా మూడు చక్రాల లాక్ నట్లకూ అదే కీ కావాలి కదా, వాటి సంగతి కూడా అదే రోజు తేల్చేయండి.